ప్రేగు గోడకు కావలసినది కట్టు, ప్రకటన కాదు

నేడు నలుగురు కూర్చుని ఆరోగ్యము గురించి మాట్లాడుకొనే చోట ‘లీకీ గట్’ అనే మాట తరచుగా వినబడుతున్నది. ప్రేగులకు చిల్లులు పడినవనీ, వాటిగుండా విషాలు రక్తములోకి కారుతున్నవనీ, తలనొప్పి మొదలు కీళ్ల వాతము వరకు, మొటిమలు మొదలు మతిమరుపు వరకు అన్నిటికీ అదే మూలమనీ చెప్పేవారు ఎక్కువైనారు. దానిని మాన్పుతామని పొడులు, మాత్రలు, ‘డీటాక్స్’ పొట్లాలు అంగళ్లలోకి వచ్చినవి. విచారకరమైన సంగతి ఏమంటే, వాటిలో అనేకము ఆయుర్వేదము పేరుతోనే అమ్ముడుపోతున్నవి. “మన మహర్షులు చెప్పిన ఆమము ఇదే” అని ఒక వాక్యము అట్టపెట్టెమీద ముద్రిస్తే చాలు, మధ్యతరగతి గృహస్థు నెల జీతములో కొంత భాగము దానికి పోతున్నది.

ఈ విషయములో నా అభిప్రాయము దాచుకొనదలచలేదు. ప్రేగు గోడలో కణానికీ కణానికీ నడుమ ఒక కట్టు ఉన్న మాట సత్యము. అది సడలుతుందన్న మాటా సత్యము. కాని దాని పేరిట జరుగుతున్న వ్యాపారములో అధికభాగము అసత్యము. ఇందువలన ఆధునిక శాస్త్రానికీ, ఆయుర్వేదానికీ, అన్నిటికంటె మిన్నగా రోగికీ అన్యాయము జరుగుతున్నది. ఎందుకో వివరించాలంటే ముందు ఆ కట్టు ఎటువంటిదో తెలియాలి.

ఒంటి వరుస గోడ

మనము తిన్న అన్నానికీ, మన రక్తానికీ నడుమ ఉన్నది ఒక్క వరుస కణాలు మాత్రమే. ఆ లోపలి పొర మడతలు మడతలుగా ఉంటుంది. మడతలన్నీ విప్పి పరిస్తే టెన్నిస్ ఆటస్థలమంత ఉంటుందని పూర్వము పుస్తకాలలో వ్రాసేవారు. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తిరిగి కొలిచి, జీర్ణమార్గము లోపలి వైశాల్యము సుమారు 32 చదరపు మీటర్లని తేల్చారు. అయినా తక్కువేమీ కాదు, రెండు పెద్ద గదుల నేలంత. పైగా ఈ కణాలు మూడు నుండి అయిదు రోజులలో రాలిపోయి కొత్తవి పుడుతూ ఉంటాయి. ఇన్ని కణాలు రాలుతున్నా, ఇన్ని పుడుతున్నా గోడలో సందు పడకుండా ఉండడమే ఆశ్చర్యము.

పల్లెలలో పెరటికి దడి కట్టడము చూచినవారికి దీని నిర్మాణము సులభముగా బోధపడుతుంది. కంప ఎంత దట్టముగా పేర్చినా దానంతట అది నిలువదు. గుంజ పాతాలి. కంపను గుంజకు తాటినారతో బిగించాలి. ప్రేగు గోడలోనూ ఈ మూడూ ఉన్నవి. పక్కపక్క కణాల పొరలలో ఎదురెదురుగా నిలిచి సందును మూసే క్లాడిన్, ఆక్లూడిన్ అనే ప్రోటీనులు కంప వంటివి. కణము లోపల దానికి ఆకారము ఇచ్చే యాక్టిన్ అనే పోగులు గుంజ వంటివి. ఈ రెంటినీ కలిపి పట్టి ఉంచేది జెడ్.ఓ.-1 అనే ప్రోటీను. అదే ఇక్కడ కట్టుతాడు.

కట్టుతాడు కథ

1963లో ఫార్క్వార్, పలాడే అనే శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి, కణాల పైఅంచు చుట్టూ ఒక బిగువైన బంధము ఉన్నదని వర్ణించారు. పలాడేకు 1974లో నోబెల్ బహుమానము లభించినది. ఆ బంధానికి వారు లాటిన్ భాషలో పెట్టిన పేరుకు ‘మూసివేసే చిన్న ఒడ్డాణము’ అని అర్థము. ‘టైట్ జంక్షన్’ అని వైద్యకళాశాలలలో నేడు చెప్పేది దానినే. ఆ లాటిన్ పేరులోని మొదటి అక్షరాలే జెడ్., ఓ. 1986లో స్టీవెన్‌సన్, గుడెనఫ్ ప్రభృతులు ఎలుక కాలేయములో ఈ బంధము వద్ద ఒక పెద్ద ప్రోటీనును గుర్తించి జెడ్.ఓ.-1 అని పేరు పెట్టారు. ఆ బంధములో మొట్టమొదట దొరికిన ప్రోటీను ఇదే. జపాన్‌లో ఫురుసే, త్సుకీటా ప్రభృతులు 1993లో ఆక్లూడిన్‌ను, 1998లో క్లాడిన్‌ను కనుగొన్నారు. అంటే కంపకంటె ముందు కట్టుతాడే దొరికినదన్నమాట.

ఈ ప్రోటీనుకు అనేక చేతులు ఉన్నవి. ఒక చేతితో క్లాడిన్ కొసను, మరొక చేతితో ఆక్లూడిన్‌ను, ఇంకొక చేతితో తనవంటి మరొక ప్రోటీనును పట్టుకొని, తోక భాగముతో యాక్టిన్‌ను అంటి ఉంటుంది. ఇటువంటి ప్రోటీనులను శాస్త్రజ్ఞులు ఇల్లు కట్టేటప్పుడు నిలిపే పరంజాతో పోలుస్తారు. నాకు ఆ పోలిక పూర్తిగా నచ్చలేదు. పరంజా ఇల్లు లేచిన తరువాత విప్పేది. ఇది విప్పేది కాదు.

2006లో త్సుకీటా బృందము చేసిన ప్రయోగము ఈ విషయాన్ని స్పష్టపరిచినది. కణాలలో జెడ్.ఓ.-1ను, దాని సోదర ప్రోటీను జెడ్.ఓ.-2ను రెంటినీ లేకుండా చేశారు. క్లాడిన్ యథావిధిగా తయారైనది, కాని బంధము ఏర్పడలేదు. కంప ఉన్నది, దడి లేదు. 2008లో జెడ్.ఓ.-1 పూర్తిగా లేని ఎలుక పిండాలు గర్భములోనే మరణించినవని తేలినది. కట్టు అంత అవసరమైనది.

అయితే ఇది అన్నిటినీ ఆపే గోడ అని భావించరాదు. చర్మములో క్లాడిన్-1 లేని ఎలుకపిల్లలు ఒంట్లోని నీరు ఆవిరై పుట్టిన రోజే మరణించినవని 2002లో చూచారు. అక్కడ గట్టిగా మూయడము అవసరము. మూత్రపిండాలలోనో, క్లాడిన్-16 చెడినవారికి మెగ్నీషియము వెనుకకు రాక మూత్రములో పోతుందని 1999లో తెలిసినది. అక్కడ తగినంత సందు ఉండడమే ఆరోగ్యము. కనుక ‘సందులన్నీ మూసేస్తాము’ అనే ప్రకటన వినగానే మనము సందేహించాలి. శరీరానికి కావలసినది మూతా కాదు, తెరుపూ కాదు. ఎక్కడ ఎంత అనే మర్యాద.

మరమ్మతులో దాని పాత్ర

2021లో అమెరికాలో టర్నర్ బృందము ప్రకటించిన పరిశోధన నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. వారు ఎలుకల ప్రేగు పొరలో మాత్రమే జెడ్.ఓ.-1 లేకుండా చేశారు. ప్రేగు కారిపోతుందని ఎవరైనా ఊహిస్తారు. అలా జరుగలేదు. సామాన్య పరిస్థితిలో గోడ బాగానే నిలిచినది. కాని ఆ ప్రేగుకు పుండు కలిగించినప్పుడు అది మానలేదు. కొత్త కణాలు క్రమముగా పుట్టి గాయాన్ని పూడ్చలేకపోయినవి. ప్రేగులలో దీర్ఘకాలపు వాపు వ్యాధులు ఉన్న మనుషులలో ఈ ప్రోటీను తగ్గి ఉండడము కూడా వారు చూపించారు.

దీనినుండి నేను గ్రహించినది ఇది. ఈ కట్టు విలువ నిత్యజీవితములోకంటె దెబ్బ తగిలిన తరువాత మానే రోజులలో ఎక్కువగా తెలుస్తుంది. మన ఇళ్లలో నిర్లక్ష్యము జరిగేదీ సరిగ్గా ఆ రోజులలోనే. విరేచనాలు కట్టగానే పకోడీలు, జ్వరము తగ్గిన మరునాడే విందు. ‘లీకీ గట్’ అని భయపడి పొడులు కొనేవారు కూడా ఈ కొద్ది రోజుల పథ్యము దగ్గర మాత్రము ఓర్పు వహించరు.

మహర్షులకు ఇది తెలుసునా?

జెడ్.ఓ.-1 చరకునికి తెలుసునా అని అడిగితే, తెలియదనే నా సమాధానము. సూక్ష్మదర్శిని లేని కాలములో ప్రోటీను పేరు తెలిసి ఉండవలసిన అవసరము వారికి లేదు. ఈ మాట అన్నందువలన ఆయుర్వేద గౌరవము తగ్గదు. లేనిది ఉన్నదని చెప్పినప్పుడే తగ్గుతుంది.

వారు చూచినది వేరు. సుశ్రుతుడు శారీరస్థానములో ధాతువులకూ ఆశయాలకూ నడుమ సరిహద్దుగా ఉండే ఏడు కళలను చెప్పి, వాటిలో ఆరవదైన పిత్తధరా కళయే గ్రహణి అన్నాడు. గ్రహణి పని అన్నాన్ని పక్వమయ్యేవరకు పట్టి ఉంచి, పక్వమైన తరువాత విడవడమని చరకుడు చికిత్సాస్థానము పదునైదవ అధ్యాయములో వివరించాడు. స్రోతస్సులు చెడే విధాలు నాలుగని విమానస్థానములో చెబుతూ, అతిగా ప్రవహించడము, అడ్డుపడడము, గ్రంథులు కట్టడములతో పాటు దారి తప్పి పోవడమును కూడా చేర్చాడు. దానినే విమార్గగమనము అంటారు. పోవలసిన దారిన పోవలసినది పోకుండా పోరాని దారిన పోవడము. సరిహద్దు, పట్టు, దారి అనే ఈ మూడు భావాలు నేటి పరిశోధన చదివేవానికి పరిచితముగా తోస్తాయి. పోలిక ఉన్నది. పోలిక సమానత్వము కాదు. ఆమమును ‘లీకీ గట్’ అని అనువదించి అమ్మేవారు ఆమమనే విస్తారమైన భావాన్ని ఒక సందులోకి కుదించివేస్తున్నారు.

కట్టును సడలించేవి

సందేహము లేకుండా తెలిసినవి కొన్ని ఉన్నవి. మొదటిది నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ప్రేగు పొరను కొన్ని గంటలలోనే సడలించగలవని 1980ల నుండి పరీక్షలలో తెలుస్తున్నది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి నెలల తరబడి వీటిని మింగుతూ, మరొక చేత్తో ప్రేగుకు పొడి కొనుక్కొనే పెద్దలను నేను తరచుగా చూస్తున్నాను. దడి ఒక పక్క పెరుకుతూ మరొక పక్క కట్టడము వంటిది ఇది. గుండె జబ్బుకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రము ఎవరూ తమంతట తాము మానరాదు.

రెండవది మద్యము. 1984లో లండన్ వైద్యులు పరీక్షించగా, మద్యపానము మానిన తరువాత కూడా అనేకులలో రెండు వారాల వరకు ప్రేగు సడలింపు కనిపించినది. మూడవది సూక్ష్మక్రిములు. జీర్ణాశయపు పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి తన ప్రోటీను ఒకదానిని కణములోకి పంపి, జెడ్.ఓ.-1ను తన వద్దకు లాగి కట్టును చెదరగొడుతుందని 2003లో తేలినది. చెడిన మాంసాహారము ద్వారా వచ్చే ఒక క్రిమి విషము నేరుగా క్లాడిన్‌కే అంటుకుంటుంది. కాచిన నీరు, కడిగిన చేయి, వేడి అన్నము అని మన అమ్మమ్మలు చెప్పిన మూడు మాటలూ ప్రేగు గోడకు మొదటి రక్ష.

నాలుగవది సీలియాక్ వ్యాధి. గోధుమలోని గ్లూటెన్ పడనివారికి ప్రేగు పొర దెబ్బతింటుంది. ఇది ఉత్తర భారతములో ఎక్కువ, దక్షిణాదిన చాలా తక్కువ. ఉన్నదని అనుమానము కలిగితే రక్తపరీక్ష ముందు చేయించుకోవాలి, గోధుమ మానడము తరువాత. ముందే మానితే పరీక్షలో వ్యాధి దొరకదు.

పరీక్షలు, పొడులు

‘జోన్యులిన్’ పరీక్ష చేసి ప్రేగు సడలింపు ఎంతో చెబుతామనే ప్రయోగశాలలు ఉన్నవి. అంగట దొరికే ఆ పరీక్ష సామగ్రి తాము కొలుస్తున్నామని చెప్పే పదార్థాన్నే కొలవడము లేదని 2018లో జర్మనీ శాస్త్రజ్ఞులు చూపించారు. సీలియాక్ వ్యాధిలో ఈ కట్టును బిగించడానికి తయారుచేసిన లారాజొటైడ్ అనే మందు చివరిదశ పరీక్షలను, ప్రయోజనము కనబడే అవకాశము లేదని 2022లో నిలిపివేశారు. ఏళ్ల తరబడి శ్రమించి చేసిన మందుకే ఇంత కష్టమైనప్పుడు, ఏ పరీక్షా లేని పొట్లము దానిని సాధిస్తుందని ఎట్లా నమ్మడము?

మన వంటింటి ద్రవ్యాల గురించి కూడా నిష్పక్షపాతముగా చెప్పాలి. పసుపులోని కర్కుమిన్ ఈ బంధాన్ని కాపాడుతున్నదని గాజుపాత్రలలోని కణాలలో చూచారు. మిరపలోని కారము అదే విధమైన కణాలలో ఆ బంధాన్ని తాత్కాలికముగా తెరుస్తున్నదని కూడా చూచారు. మొదటిది చదివి పసుపు మాత్రలు మింగేవారు, రెండవది చదివి ఆవకాయ మానుతారా? రెండూ గాజుపాత్రలోని ఫలితాలే. ఒకదానిని నమ్మి మరొకదానిని విడవడము శాస్త్రము కాదు, ఇష్టము.

1998లో బెంగళూరు శాస్త్రజ్ఞులు మిరియాలలోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు చేర్చితే కర్కుమిన్ మనుషుల రక్తములోకి ఇరవై రెట్లు ఎక్కువ చేరుతుందని కనుగొన్నారు. నేడు ఆ రెండూ కలిపిన మాత్రలు విరివిగా అమ్ముతున్నారు. అటువంటివి వాడినవారిలో కొందరికి కాలేయము దెబ్బతిన్న సంగతి ఇటీవల అమెరికా వైద్యులు నమోదు చేశారు. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, మాత్రలోని సారము వేరు. పిప్పలి, క్షారము, లవణము ఈ మూడింటిని అతిగా వాడరాదని చరకుడు విమానస్థానము మొదటి అధ్యాయములోనే హెచ్చరించాడు. పిప్పలిలో ఉండేదీ ఆ పైపెరినే. ఆయుర్వేదము పేరుతో అమ్మేవారికి ఈ వాక్యము మాత్రము కనబడదు.

ఇంటిలో చేయదగినవి

విరేచనాలు మొదలైన పిల్లవానికి అన్నము, పాలు మాన్పించి ఎండగట్టడము మహాదోషము. తల్లిపాలు ఆపరాదు. ఓ.ఆర్.యస్. పొట్లము లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. అది దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేయాలి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదము. ఆరు నెలలు దాటిన పిల్లలకు వైద్యుని సలహాతో రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 10 నుండి 14 రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో సూచించినవి. ఆరు నెలల లోపు వారికి అందులో సగము. ఆయుర్వేద వైద్యుడనై ఉండి ఇది చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

పెద్దలకు మానే రోజులలో సంసర్జన క్రమము మంచిది. శోధన చికిత్స తరువాత చరకుడు విధించిన వరుస ఇది. మొదట పలుచని గంజి, తరువాత చిక్కని జావ, ఆపై ఉప్పూ నూనే లేని పెసరకట్టు, దాని తరువాత పోపు పెట్టినది, చివరకు సామాన్య భోజనము. చిన్న నిప్పురవ్వను మొదట గడ్డితో, పేడతో కొద్దికొద్దిగా రగిల్చినట్లు జఠరాగ్నిని పెంచమని ఆయన ఉపమానము. ఒకేసారి మొద్దు పెడితే నిప్పు ఆరుతుంది. మూడు నుండి అయిదు రోజులలో ప్రేగు పొర మారుతుందని పైన చెప్పాను కదా, ఈ పథ్యము కూడా ఇంచుమించు అన్ని రోజులే. ఆ మాత్రము ఓర్పు కష్టము కాదు.

గ్రహణిలో మజ్జిగను చరకుడు ఎంతో ప్రశంసించాడు. తోడుపెట్టిన నాటి తాజా పెరుగును బాగా చిలికి వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి, కొద్దిగా సైంధవ లవణము చేర్చి మధ్యాహ్న భోజనములో తీసుకొనవచ్చు. పులిసినది పనికిరాదు. గాయము, రక్తస్రావము, మంట, నీరసము ఉన్నవారికీ, మండు వేసవిలోనూ మజ్జిగ ఇవ్వరాదని సుశ్రుతుడు నిషేధించాడు. మంచిదని అందరికీ అన్ని వేళలా ఇవ్వడము వైద్యము కాదు.

ఆలస్యము చేయరానివి

మలములో రక్తము లేక నల్లని తారువంటి మలము, కారణము లేకుండా బరువు తగ్గడము, రాత్రి నిద్రలేపే విరేచనాలు, మూడు వారాలు దాటిన విరేచనాలు, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల ఆగడము, ఏభై ఏళ్లు దాటిన తరువాత మల విసర్జన పద్ధతి మారడము, వీటిలో ఏది ఉన్నా పొడులతో కాలయాపన చేయక ఆస్పత్రిలో పరీక్ష చేయించుకోవాలి. ఇవి సందు సడలడము వలన కాదు, క్షయ, ప్రేగు పుండ్లు, క్యాన్సరు వంటి వ్యాధుల వలన కావచ్చు. ‘లీకీ గట్’ అనే మాట చేసే అసలైన హాని ఇక్కడే ఉన్నది. దానికయ్యే డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, పోయిన ఆరు నెలలు తిరిగి రావు.

నా తోటి వైద్యులకు ఒక మనవి. ఒక కొత్త ప్రోటీను పేరు వినగానే దానికి మన గ్రంథాలలో ఒక శ్లోకము వెదకి అతికించే అలవాటు మానుదాము. గ్రహణికి పథ్యము చెప్పడములో, రోగిని పరిశీలించడములో, మా వల్ల కానిదానిని సకాలములో ఆస్పత్రికి పంపడములో మన గౌరవము ఉన్నది. గృహస్థులకు మరొక మనవి. తదుపరి పొట్లము కొనే ముందు ఇంటిలోని నొప్పి మాత్రల డబ్బా తెరచి, అందులో ఏది ఎవరి సలహాతో ఎన్నాళ్లుగా వాడుతున్నారో లెక్క చూడండి. ప్రేగు గోడకు మీరు చేయగల మొదటి మేలు బహుశా అక్కడే ఉంటుంది.